కల్లం కేక

ఇది కట్టుకథ అనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లి పడుకోండి. నేనేమీ అనుకోను. అన్నం కంచం ముందు కూర్చుని అబద్ధమాడకూడదని మా అమ్మ నేర్పింది. అందుకే ఇలా తింటూ చెబుతున్నాను. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు వాళ్లు ఏం తాగారో కనుక్కోమనే రకాన్ని. అలాంటి నేనే చెబుతున్నాను... వినండి.

మాది దర్శి నుంచి అద్దంకి వెళ్లే దారిలో చిన్న ఊరు. మిరప వేస్తాం. కోసిన కాయను ఊరి బయట మెరక మీద కల్లాల్లో ఆరబోస్తాం. పగలంతా ఎండలో పరుస్తాం, పొద్దుగూకే వేళకు కుప్ప చేసి మంచు పడకుండా పట్టా కప్పుతాం. దొంగల భయం ఉంటుంది కదా, కుప్ప పక్కనే మంచం వేసుకుని మగవాళ్లు కాపలా పడుకుంటారు. మోకాళ్లు మాట విన్నన్నాళ్లు నేనూ మా ఆయనతో వెళ్లి అక్కడే పడుకునేదాన్ని.

కల్లాల్లో ఒక అలవాటు ఉండేది. రాత్రి కన్ను మూసే ముందు ఒకరు కేక వేస్తారు. "ఓ... హో... య్" అని, పొడుగ్గా. పక్క కల్లంవాడు "ఓయ్" అంటాడు. వాడి పక్కవాడు అందుకుంటాడు. అలా ఈ చివర నుంచి ఆ చివరి దాకా పోతుంది. అంటే నేను ఇక్కడే ఉన్నాను, అంతా బాగానే ఉంది, పడుకుంటున్నాను అని. మధ్యలో మెలకువ వచ్చినవాడు మళ్లీ వేస్తాడు. అదే కేక పొట్టిగా, వెంటవెంటనే వేస్తే మాత్రం ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తుకు రావాలి. పాము కనబడినా అంతే, ఒంట్లో బాగోకపోయినా అంతే.

మా పక్క కల్లం మస్తానన్నది. ఆయన కేక వెనకాలే దగ్గు వచ్చేది. బీడీ దగ్గు. "ఓ... య్" అనేవాడు, ఖళ్లు ఖళ్లుమని దగ్గేవాడు. మా ఆయన మంచం మీద నుంచే ఏడిపించేవాడు.

"మస్తానూ, కేకతోపాటు ఊపిరితిత్తులు కూడా ఇటే పంపుతున్నావేందిరా?"

"నా దగ్గు వినబడకపోతే నీకు నిద్రెక్కడ పడతదిరా రాములూ! నేను పోయాక తెలిసొస్తదిలే."

అన్నట్టే ఒక వానాకాలంలో పోయాడు, ఆ దగ్గుతోనే. తర్వాత ఆ కల్లంలో ఎవరూ కాయ పోయలేదు.

మస్తానన్న పోయిన మరుసటి ఏడు మా ఆయనకు గుండె నొప్పి వచ్చింది. ఒంగోలు తీసుకెళ్తే స్టెంటు వేశారు. మా అమ్మాయి లత అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. "నాన్నా, ఇంక కల్లం కాపలా మానెయ్" అని చేతులు పట్టుకుని బతిమాలింది.

ఆయన వింటేనా! "కాయను అక్కడ వదిలి ఇంట్లో పడుకుంటే, మీరు బాగుచేయించిన గుండె ఆ రాత్రే ఆగుద్ది" అన్నాడు.

ఇక లాభం లేదని లత ఒక కెమెరా తెచ్చింది. గుంజ పాతించి పైన బిగించింది. సోలార్ పలక, లోపల సిమ్ము. అక్కడ మనిషి నిద్రపోతుంటే ఇంట్లో నా ఫోనులో కనిపిస్తాడు. గుర్రు కూడా వినిపిస్తుంది. నేను మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్కడ గుంజ మాట్లాడుతుంది.

"ఇంట్లో మీ అమ్మ ఒక్కతి చాలదా, గుంజకు ఇంకో అమ్మను కట్టావే?" అన్నాడు ఆయన. అన్నాడే గానీ మురిసిపోయాడు. ఊళ్లో అందరినీ పిలిచి చూపించాడు.

అలా చూపించడమే కొంప ముంచింది. మాకు రెండో పక్క కల్లం కోటయ్యది, వాడూ ఒకటి కొన్నాడు. వాడిని చూసి ఇంకొకరు. ఆ కెమెరాల దగ్గరికి ఎవరైనా వస్తే ఫోను దానంతటదే మోగుతుందట. ఇంక మంచు పడే రాత్రి మెరక మీద ఎవరు పడుకుంటారు? సంక్రాంతి దాటేసరికి రాత్రిళ్లు కల్లాలన్నీ ఖాళీ. గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి. మా ఆయన ఒక్కడే మంచం వదల్లేదు.

మొదట్లో కేక వేసేవాడు. నేను ఫోనులో వినేదాన్ని. "ఓ... హో... య్." ఇక అంతే. ఎవరూ పలికేవాళ్లు కాదు. కాసేపు చూసి మళ్లీ వేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అన్నాడు. "గోడతో మాట్లాడినట్టుందే పద్మా. పిచ్చోడిలా అరవడం దేనికిలే." ఆ రాత్రి నుంచి మానేశాడు.

నాకూ ఆయనకూ వేరే గుర్తు మిగిలింది. పడుకున్నాడని తెలిశాక నేను మైకు నొక్కి "ఏవండీ, మాత్ర వేసుకున్నారా?" అంటాను. ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి పైకెత్తుతాడు. విసుగ్గా, ఈగను తోలినట్టు. ఆ చెయ్యి లేస్తే నాకు నిద్ర పట్టేది.

ఆ రాత్రి... మార్చి నెల. పగలంతా ఉక్క. సాయంత్రం తూర్పున మబ్బు కమ్మింది. కల్లాల్లో కాయ ఉన్నప్పుడు మబ్బు పడితే మా ఊళ్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆయన మజ్జిగన్నం తిని మోపెడ్ తీశాడు. మా నల్లకుక్క నల్లోడు ముందు ఎక్కి కూర్చున్నాడు.

"వాన వచ్చేట్టుంది. ఇవాళ్టికి వెళ్లకండి" అన్నాను.

"వచ్చేట్టుందనేగా ఎల్లేది!"

"అయితే నేనూ వస్తా."

"ఆ మోకాళ్లేసుకుని ఏం చేద్దామని? ఫోనులో చూసుకో. నీ కళ్ల ముందరే ఉంటాగా."

అదీ ఆయన నాతో అన్న చివరి మాట. కళ్ల ముందరే ఉంటానన్నాడు.

చూస్తూనే ఉన్నాను. పట్టా కప్పాడు. అంచుల మీద రాళ్లు పెట్టాడు. మంచం వాల్చాడు. రాత్రిపూట ఆ బొమ్మ బూడిద రంగులో ఉంటుంది. దుప్పటి రొమ్ము దాకా లాక్కుని పడుకున్నాడు. ఒక చెయ్యి మంచం మీద నుంచి కిందికి వేలాడుతోంది. కాళ్ల దగ్గర నల్లోడు. ఒక చెవి వాల్చి, ఒక చెవి లేపి.

నేను లేచి వంటిల్లు సర్దుకున్నాను. అంతలో గాలి లేచింది. ఏం గాలి! పశువుల కొట్టం మీద రేకు దడదడలాడింది. కరెంటు పోయింది. పెరట్లో బకెట్టు దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది. నా ప్రాణం కల్లం మీదే ఉంది. పరుగున వచ్చి ఫోను తీశాను.

ఆయన పడుకునే ఉన్నాడు.

అక్కడ గాలి లేదు. పట్టా అంచు కదలడం లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇలాంటి వాన ఒక చేలో పడుతుంది, పక్క చేలో పడదు. కల్లం ఊరికి మరీ దూరమేమీ కాదు, అయినా అలాగే అనుకున్నాను. మనసు తనకు కావలసిందే నమ్ముతుంది.

మైకు నొక్కాను. "ఏవండీ... గాలొస్తోంది. పట్టా గట్టిగా కట్టారా?"

చెయ్యి లేవలేదు.

"ఏవండీ... మాత్ర వేసుకున్నారా?"

లేవలేదు.

బాగా నిద్ర పట్టిందేమో. ఫోను చేశాను. మోగలేదు. ఏ మాటా రాలేదు, ఊరికే నిశ్శబ్దం. మళ్లీ బొమ్మ చూశాను. సిగ్నలు పోతే ఆ బొమ్మ మధ్యలో ఒక సున్నా తిరుగుతుందని లత చెప్పింది. ఏ సున్నా తిరగలేదు. బొమ్మ శుభ్రంగా ఉంది. ఆయన ఉన్నాడు. వేలాడే చెయ్యి ఉంది. నల్లోడు ఉన్నాడు. చెవి లేచే ఉంది.

అక్కడ ఆగింది నా చూపు.

ఒక కుక్క... ఎంతసేపని అలా చెవి లేపి పెట్టుకుంటుంది?

చూశాను. చూస్తూనే ఉన్నాను. బయట ఉరుము పడింది. కిటికీ తలుపు టపటపా కొట్టుకుంది. ఆ చెవి మాత్రం కదలలేదు. వాల్చలేదు. వేలాడే చెయ్యి కూడా... మొదట ఎలా ఉందో అలాగే ఉంది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు, కానీ తేడాగా ఉంది. టార్చి తీసుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. కోటయ్యను లేపుదాం, ఆటో తీయమందాం అనుకుని తలుపు గడియ మీద చెయ్యి వేశాను. ఒక చేతిలో గడియ, ఒక చేతిలో ఫోను.

అప్పుడు వచ్చింది.

ముందు గరగరమని చిన్న చప్పుడు. తర్వాత...

"ఓ... హో... య్."

ఆయన గొంతు. నా మొగుడి గొంతు నాకు తెలియదా? పొడుగ్గా, తీరిగ్గా, నిద్రకు ముందు వేసే కేక. తొందర లేదు. భయం లేదు.

"ఓయ్..."

పక్క కల్లం నుంచి. కొంచెం దూరంగా.

"ఓయ్..." ఇంకా దూరంగా. ఇంకొకటి. చివరిది ఎక్కడో మెరక అవతల నుంచి, వినీ వినబడకుండా. వాటి వెనకాల గాలి చప్పుడు లేదు. వాన చప్పుడు లేదు. కీచురాళ్లు అరుస్తున్నాయి. అది ఎండాకాలం నిమ్మళంగా ఉండే రాత్రి చప్పుడు. ఇక్కడ కొట్టం రేకులు ఎగిరిపోతున్నాయి, నా చేతిలో మాత్రం కీచురాళ్లు.

తర్వాత... ఖళ్లు. ఖళ్లు.

దగ్గు.

ఆ తర్వాత ఏమీ లేదు.

మీరు నమ్మరు, నాకు భయం వేయలేదు. ఆ క్షణంలో వేయలేదు. ప్రాణం కుదుటపడింది. అమ్మయ్య, ఆయన ఒంటరిగా లేడు, అందరూ అక్కడే ఉన్నారు, పలికారు అనుకున్నాను. ఎవరు పలికారన్నది నా బుర్రకు తట్టలేదు. ఎన్నో ఏళ్లు ఆ కేకల మధ్యే నిద్రపోయిన ఒళ్లు ఇది. ఆ చప్పుడు వింటే దానంతటదే వాలిపోతుంది. గడియ మీది చెయ్యి తీసేశాను. చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాను. వాన మొదలైంది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

తలుపు గోకుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. తెల్లవారబోతోంది. వాన వెలిసింది. తలుపు తీశాను.

నల్లోడు. తడిసి ముద్దయి ఉన్నాడు. కాళ్ల నిండా బురద. నా చీర కుచ్చెళ్లు నోట కరిచి లాగుతున్నాడు.

నేను లేచినప్పుడు ఒళ్లోంచి జారిన ఫోను కింద పడి ఉంది. వెలుగుతూనే ఉంది. వంగి తీశాను.

అందులో నల్లోడు ఆయన కాళ్ల దగ్గరే పడుకుని ఉన్నాడు. ఒక చెవి వాల్చి... ఒక చెవి లేపి.

అటు చూశాను. ఇటు చూశాను. ఇక మోకాళ్లు లేవు, నొప్పి లేదు, ఎలా పరుగెత్తానో తెలియదు. నా కేకలకు కోటయ్య లేచి వెనకాలే ఆటో తెచ్చి ఎక్కించుకున్నాడు.

ఆయన మంచం మీద లేడు. కుప్ప అవతల ఉన్నాడు, కెమెరాకు కనబడని వైపు. గాలికి పట్టా లేచిపోతుంటే కట్టడానికి వెళ్లాడు. తాళ్లన్నీ కట్టాడు. చివరి మూల గుప్పిట్లో పట్టుకుని దాని మీదే బోర్లా పడి ఉన్నాడు. ఆయన బరువే ఆ మూలకు రాయి అయింది. ఒక్క కాయ తడవలేదు. మనిషి మాత్రం నానిపోయాడు.

పక్కన మట్టిలో ఫోను. తర్వాత లత దాన్ని ఆరబెట్టి తెరిచి చూసింది. నా పేరు. మళ్లీ నా పేరు. మళ్లీ మళ్లీ నాకే చేశాడు. ఒక్కటీ నా దాకా రాలేదు. గాలి మొదలవగానే టవరు పోయింది. ఊరంతటికీ సిగ్నలు లేదు. నేను రాత్రంతా చూసింది గాలికి ముందు ఆగిపోయిన బొమ్మ. ఆగిపోయాను అని ఆ వస్తువు నాకు ఒక్క మాట చెప్పలేదు. మనిషి ఉన్నట్టే చూపించింది.

కాష్టం నుంచి వచ్చాక, అరుగు మీద కూర్చున్న కోటయ్యను అడిగాను.

"కోటయ్యా, రాత్రి ఆయన కేక వేస్తే పలికింది నువ్వేనా?"

వాడు నా మొహంలోకి చూడలేకపోయాడు. "వదినా... నేనసలు కల్లంలో ఎక్కడున్నా? ఇంట్లోనే ఉన్నా. మా కెమెరాలో అంతా బానే కనబడతా ఉంటే పడుకున్నా. రాత్రి మెరక మీద అన్నొక్కడే."

"మరి పలికారు కదరా. నేను విన్నాను. వరసగా పలికారు."

"ఎవరు వదినా?"

అప్పుడు గుర్తొచ్చింది దగ్గు. నోటిదాకా వచ్చిన పేరు పైకి అనలేకపోయాను.

లతకు మాత్రం చెప్పాను. అది చదువుకున్న పిల్ల. ఎప్పటిదో శబ్దం ఎక్కడో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చి ఉంటుందమ్మా, ఇలాంటి వాటిల్లో మామూలే అంది.

"మస్తానన్న పోయాక కదే కెమెరా పెట్టింది?" అన్నాను.

కెమెరాలో చిన్న కార్డు ఉంటుంది, అందులో అన్నీ నిలవ ఉంటాయట. లత ఆ కార్డు తెచ్చి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని మొత్తం విన్నది. గాలి, వాన, కుక్క అరుపు. కేక లేదు. వినడం అయ్యాక నా పక్కన కూర్చుని ఒళ్లో తల పెట్టుకుంది.

"అమ్మా, నువ్వు కేక విన్నానంటున్న వేళకే నాన్న లేడమ్మా. నాన్న ఒంటిని నేను చూశాగా... నర్సును, నాకు తెలుస్తుంది."

నిద్రలో విన్నావు అంటారు ఊళ్లోవాళ్లు. కావచ్చు. కానీ గడియ సగం తీసి ఉంది, పొద్దున తలుపు తీసేటప్పుడు చూశాను. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. నిద్రలో ఉన్నది ఎవరు?

ఇప్పటికీ రెండు ఆలోచనలు నన్ను చెరో పక్కకు లాగుతాయి. ఆ కేకే వినబడకపోతే నేను వెళ్లేదాన్ని. వెళ్తే... ఏమో. లత లెక్క తప్పయితే? అప్పటికి ఇంకా ఊపిరి ఉండి ఉంటే? అలాంటప్పుడు నన్ను గడియ దగ్గర ఆపింది ఏది? ఆయన కాదు కదా. ఆయన గొంతు వేసుకుని వచ్చింది ఏది? ఈ ఆలోచన వచ్చిన రోజు నేను అన్నం తినను.

లేదంటే లత చెప్పిందే నిజం. అప్పటికే ఆయన లేడు. పడుకునే ముందు ఎప్పుడూ వేసే కేక వేశాడు, నేను ఇక్కడే ఉన్నాను, అంతా బాగానే ఉంది అని. సంక్రాంతి నుంచి ఎవరూ పలకని మనిషికి ఆ రాత్రి అందరూ పలికారు. ఈ ఆలోచన వచ్చిన రోజు కాసేపు ఏడ్చి పడుకుంటాను.

ఈ ఏడు కాయకు కాపలా నేనే వెళ్తున్నాను. లత గోల పెట్టింది, వినలేదు. ఆ మొండితనం ఇంటిల్లిపాదికీ ఉన్నదే. కోటయ్య కూడా మంచం తెచ్చి వేసుకున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు, ఎవరూ పిలవలేదు. కెమెరాలు గుంజల మీదే ఉన్నాయి, ఎవరూ పీకలేదు. వాటి మానాన అవి చూస్తుంటాయి.

నల్లోడిని కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని నేనే మొదట కేక వేస్తాను. ఆడదాని గొంతు, అంత దూరం పోదు. కోటయ్య "ఓయ్ వదినా" అంటాడు. వాడి అవతలివాడు అందుకుంటాడు. చివరి దాకా పోతుంది. అంతా సద్దుమణుగుతుంది.

ఆ తర్వాత కాసేపటికి... అన్ని రాత్రులూ కాదు... మస్తానన్న బీడు కల్లం వైపు నల్లోడు తల తిప్పుతాడు. ఒక చెవి లేపుతాడు. నేనూ చెవి పెట్టి వింటాను. ఎవరో సన్నగా పలికినట్టు ఉంటుంది. గాలి కావచ్చు. పిట్ట కావచ్చు. టార్చి తలగడ కిందే ఉంటుంది గానీ ఎప్పుడూ వేసి చూడలేదు. అటు ఎవరున్నా, ఆయనను ఆ రాత్రి పలకరించినవాళ్లే అయితే, నాకు భయమెందుకు?

దుప్పటి లాక్కుంటూ నేను కూడా "ఓయ్" అంటాను.